ముట్టుకోవచ్చు అన్న తర్వాత...

మ్యూజియంలోకి అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి మాట ‘వస్తువులను తాకరాదు’. పుస్తకాల భాషలో ఉన్న ఈ బోర్డును ఊళ్ళ భాషలోకి తెచ్చుకుంటే ‘ముట్టుకోవద్దు’ అవుతుంది. తెలుగులో ఈ మాటకున్న చరిత్ర చిన్నది కాదు. బావి దగ్గర, గుడి గడప దగ్గర, వంటింటి గుమ్మం దగ్గర, నెలలో మూడు రోజులు ఇంటి మూలన ఈ మాట విన్నవాళ్ళు మనలోనే ఉన్నారు. దళితులు విన్నారు, ఆడవాళ్ళు విన్నారు, దళిత స్త్రీలు రెండు వైపుల నుంచీ విన్నారు. అందుకే పిల్లలకు చరిత్రను అద్దాల వెనక నుంచి కాకుండా చేతుల్లో పెట్టి చెప్పాలన్న ఆలోచన గురించి చదివినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. వెంటనే ఒక ప్రశ్న కూడా పుడుతుంది. ముట్టుకోవచ్చు అన్నాక పిల్లల చేతికి ఏమిస్తున్నాం? ఎవరి పనిని ఇస్తున్నాం?

నిజామాబాద్ జిల్లా ధర్పల్లి చుట్టుపక్కల ఊళ్ళ బడిపిల్లలను మనసులో పెట్టుకుని ఈ ప్రశ్న వేస్తున్నాను. నేను చదువుకున్నది సాహిత్యం. కాబట్టి మ్యూజియాన్ని కూడా ఒక రచనను చదివినట్టే చదువుతాను. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, కథ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారు, ఎవరికి పేరుంది, ఎవరికి లేదు? ఒక నవలను అడిగే ఈ ప్రశ్నలన్నీ మ్యూజియాన్నీ అడగొచ్చు. మ్యూజియం బడిపిల్లల కోసం నడిపే కార్యక్రమాలను మరీ గట్టిగా అడగొచ్చు. ఎందుకంటే పెద్దవాళ్ళకు చరిత్ర ఒక సమాచారం. పిల్లలకు మాత్రం తమ ఇల్లు, తమ తల్లి, తమ ఊరు ఈ లోకంలో లెక్కలోకి వస్తాయా రావా అన్నది తేల్చి చెప్పే పాఠం అది.

చేతులతో నేర్పే మ్యూజియం చదువు ఈనాటిది కాదు. 1899 డిసెంబరులో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పిల్లల కోసమే ఒక మ్యూజియం తెరిచారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. 1902లో అందులో చేరిన ఆనా బిల్లింగ్స్ గాలప్ మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపింది. పిల్లలు వస్తువును పట్టుకుని, తిప్పి చూసి, ప్రశ్న అడిగి నేర్చుకోవాలని పట్టుబట్టింది. 1960లలో బోస్టన్ పిల్లల మ్యూజియంలో మైకేల్ స్పాక్ అద్దాల పెట్టెలు తీసేసి వస్తువుల లోపలేముందో చూడనిచ్చే ప్రదర్శనలు పెట్టాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దగ్గర ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి 1960లో మొదటి డైరెక్టరుగా వచ్చిన గ్రేస్ మార్లీ కూడా స్త్రీయే. మ్యూజియం అంటే వస్తువులు దాచే గది కాదు, నేర్పే చోటు అన్న ఆలోచన ఇక్కడ నాటుకోవడంలో ఆమె పాత్ర పెద్దది. కొంచెం ఆగి చూస్తే మ్యూజియంలలో ‘పిల్లల విభాగం’ చాలాకాలం ఆడవాళ్ళకు వదిలేసిన విభాగం. వస్తువులు సేకరించడం, కాలం నిర్ణయించడం, పుస్తకాలు రాయడం మగవాళ్ళ పాండిత్యం. పిల్లలకు చెప్పడం ఆడవాళ్ళ ఓపిక! బడిలోనూ ఇదే పని విభజన, ఇంట్లోనూ ఇదే.

తాకవద్దనడానికి సరైన కారణం ఒకటుందని కూడా ఒప్పుకోవాలి. చేతి చెమటలోని ఉప్పు, నూనె కంచు విగ్రహాన్ని తినేస్తాయి. వెయ్యేళ్ళు నిలిచిన రాతి శిల్పం కూడా వేలమంది నిమిరితే అరిగిపోతుంది. అందుకే మంచి మ్యూజియంలు రెండు రకాల వస్తువులు పెట్టుకుంటాయి. దాచుకోవలసినవి అద్దాల వెనక ఉంటాయి. చేతికివ్వదగినవి, అంటే నకళ్ళు, పగిలిన పెంకులు, ఒకటికి పది దొరికే పనిముట్లు వేరే పెట్టెలో ఉంటాయి. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం వందేళ్ళ కిందటే ఇలాంటి పెట్టెలను బడులకు పంపడం మొదలుపెట్టింది. కాబట్టి అసలు గొడవ తాకడం, తాకకపోవడం గురించి కాదు. ఏది దాచుకోవలసింది, ఏది చేతికివ్వదగింది, ఏది అసలు మ్యూజియంలోకే రాదు అన్న నిర్ణయం గురించి.

ఇక మన జిల్లాకు వద్దాం.

నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లో జిల్లా పురావస్తు మ్యూజియం ఉంది. 2001లో ప్రారంభమైంది. పాత రాతియుగం నుంచి విజయనగర కాలం దాకా, అంటే 16వ శతాబ్దం దాకా మానవ నాగరికత ఎలా ఎదిగిందో చూపడం దాని ఉద్దేశం. మూడు విభాగాలు: పురావస్తువులు, శిల్పాలు, కంచు-అలంకరణ వస్తువులు. బిదిరీ పని, ఆయుధాలు కూడా ఉన్నాయి. ఒక జిల్లాకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి బోధన్‌ను పదహారు మహాజనపదాల్లో ఒకటైన అస్మక రాజధాని పోదనగా గుర్తిస్తారు. పాత ఇందూరు 1905లో రైలు మార్గంతో పాటు నిజామాబాద్ అయింది. ఇంత చరిత్రున్న నేలకు ఒక ఇల్లుండాలి. ఉంది.

కానీ ఆ అమరికను రచనలాగా చదివితే ఏం తెలుస్తుంది? కథ 16వ శతాబ్దంలో ఆగిపోయింది. ధర్పల్లి పిల్లల అమ్మమ్మలు, నానమ్మలు చేత్తో ముట్టుకున్న ప్రతిదీ ఆ తర్వాతిది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆ తర్వాతిది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుని, 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో గేటు మూసుకున్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆ తర్వాతిది. సాయుధ పోరాటం, బీడీలు, గల్ఫ్ ప్రయాణాలు అన్నీ ఆ తర్వాతివే. రాయి, విగ్రహం, కత్తి, అలంకరణ అన్న నాలుగు మాటల్లో జిల్లా చరిత్ర చెప్పగలిగితే అందులో పొలం ఎక్కడుంది? వంట ఎక్కడుంది? కూలి ఎక్కడుంది? ఇది ఒక్క నిజామాబాద్ సంగతి కాదు. మన జిల్లా మ్యూజియంలు చాలావరకు పురావస్తు శాఖ బిడ్డలు. తవ్వితే దొరికిందే వాటికి చరిత్ర. ఆడవాళ్ళ పని చాలామటుకు తవ్వితే దొరకదు. తింటే అయిపోతుంది, ఉతికితే మాసిపోతుంది, మళ్ళీ తెల్లారి మొదలవుతుంది.

అలాగని ఉన్నదాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. ఉన్న వస్తువునే వేరేగా చదివించొచ్చు. ఆయుధాల సంగతే తీసుకుందాం. మగపిల్లలు కత్తుల ముందు నుంచి కదలరు. ఆ కత్తుల వెనక ఈ జిల్లాదే ఒక గొప్ప కథ ఉంది. కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రం ఒకప్పుడు మూసలో కరిగించి తీసే ఉక్కుకు పేరున్న ఊరు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు. వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ పరిశీలకుడు ఇక్కడి తయారీని చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఆధునిక కాలంలో ఈ ఉక్కును మళ్ళీ లోకానికి చూపినవాళ్ళలో ముగ్గురు స్త్రీలున్నారన్నది మనం పిల్లలకు చెప్పం. థెల్మా లోవ్ ఇక్కడి మూసల మట్టిని పరీక్షించి అందులో వరి ఊక ఎలా పనిచేసిందో వివరించింది. శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్‌లు తెలంగాణ పరిశోధకుడు ఎస్. జైకిషన్‌తో కలిసి 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగి పాత ఇనుప కొలుముల ఆనవాళ్ళు నమోదు చేశారు.

ఈ ఊక సంగతి నాకు ఎంతో విలువైనదిగా తోచింది. మూస మట్టిలో ఊక కలిపితే అది మండి, బొగ్గై, అంత వేడికి మూస పగలకుండా నిలబడుతుంది. డమాస్కస్ కత్తి అని లోకం పొగిడే కత్తి వెనక వడ్ల ఊక ఉందన్నమాట. రైస్ మిల్లులు లేని కాలంలో ఊక ఎక్కడి నుంచి వచ్చేది? రోలూ రోకలీ పట్టి దంచిన చేతుల దగ్గర నుంచి. వడ్లు దంచే పని ఈ నేల మీద ఎవరిదో పిల్లలకు చెప్పక్కర్లేదు. వాళ్ళకు తెలుసు. కత్తి నకలును చేతికిచ్చి ‘ఎంత బరువుందో చూడు’ అనడం ఒక పద్ధతి. పిడికెడు ఊక, పిడికెడు మట్టి ఇచ్చి ‘కలిపి చూడు, ఇది ఎవరింటి నుంచి వచ్చి ఉంటుంది’ అని అడగడం ఇంకో పద్ధతి. రెండూ చేతులతో నేర్చుకోవడమే. మొదటిదానిలో పిల్లవాడు కాసేపు రాజవుతాడు. రెండోదానిలో తన ఊరిని కనుక్కుంటాడు.

మన దేశంలో బడిపిల్లలతో చేతిపని చేయించే మ్యూజియం అనగానే చెన్నై దగ్గరి దక్షిణచిత్ర గుర్తొస్తుంది. డెబోరా త్యాగరాజన్ 1984లో పెట్టిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ కృషితో అది 1996లో తెరుచుకుంది. దక్షిణాది ఇళ్ళను ఊళ్ళ నుంచి విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఉత్తరాంధ్ర సముద్రతీరపు చుట్టిల్లు ఉంది. అప్పటి నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం నుంచి తెచ్చిన ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు ఉంది. బడిపిల్లలు వచ్చి మట్టితో పని చేస్తారు, బుట్టలల్లుతారు, తాటాకు బొమ్మలు చేస్తారు. రాజుల ఊసు లేకుండా ఇళ్ళూ పనులే చరిత్రగా నిలబెట్టడం పెద్ద మార్పు. మన జిల్లా మ్యూజియంలు దాని నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

అయితే ఇటువంటి కార్యక్రమాలన్నిటిలోనూ ఒక చిక్కుంది. పనిని పిల్లల ముందు పెట్టేటప్పుడు అందులో కంటికి ఇంపైన ఘట్టాన్నే ఎంచుకుంటాం. కుండ అంటే సారె తిప్పడం. నేత అంటే మగ్గం మీద కూర్చోవడం. కుమ్మరి పనిలో మట్టి తెచ్చి, రాళ్ళేరి, తొక్కి, తడిపి సిద్ధం చేసేదాంట్లో ఆడవాళ్ళ చెయ్యి ఉంటుంది. చాలా చోట్ల వాళ్ళు సారెను మాత్రం ముట్టుకోకూడదు. ఇక్కడా అదే మాట! సారె దగ్గర కూర్చున్న పిల్లకు కుండ వచ్చిందన్న సంతోషం దక్కుతుంది గానీ, ఆ కుండ చేసే ఇంటి ఆడపిల్లకు ఆ చోటు లేదన్న సంగతి అందదు. మ్యూజియంలో ప్రతి ఆడపిల్లా సారె ముట్టుకోగలగడం మంచిదే. ఎందుకు మంచిదో కూడా ఆ పూటే చెప్పాలి కదా!

ఇక్కత్ చీరకు మగ్గానికి ముందు ఆసు పోయాలి. అర్ధవలయంగా అమర్చిన మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పైకీ కిందికీ ఆడాలి. ఇది ఆడవాళ్ళ పని. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఆ తల్లి భుజం నొప్పిని పిల్లలకు ఏ కార్యక్రమం చెప్పగలదు? చెప్పగలదనే నా నమ్మకం. పది నిమిషాలు చెయ్యి అలా ఆడించమంటే చాలు. ‘ఎంత అందమైన చీర’ అన్న పిల్లలు ‘అబ్బ, చెయ్యి లాగుతుంది’ అంటారు. ఆ రెండో మాట దగ్గర చరిత్ర పాఠం మొదలవుతుంది.

కులం సంగతి కూడా దాటేయలేం. పట్నం బడి పిల్లలకు మట్టి పిసకడం ఒక పూట సరదా. అదే తరగతిలో కుమ్మరింటి పిల్లో, చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడో ఉంటే? ‘నీకు తెలిసే ఉంటుంది, చేసి చూపించు’ అని మంచి మనసుతోనే అంటారు. ఆ మాట ఆ పిల్ల మీద ఎలా పడుతుందో ఊహించాలి. శ్రమను గౌరవించడానికీ, శ్రమను కులానికి మళ్ళీ కట్టెయ్యడానికీ మధ్య గీత చాలా సన్నం. కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో 2007లో తెచ్చిన శ్రమ గౌరవం పుస్తకం ఈ గీత ఎక్కడుందో చూపింది. కుమ్మరి, చాకలి, మాదిగ, మంగలి పనులను ఆయన చేతి నేర్పుగా కాక విజ్ఞానంగా, కనిపెట్టిన తెలివిగా చెప్పాడు. 2008లో అన్వేషి సంస్థ తెచ్చిన పిల్లల కథల వరసలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు పాఠ్యపుస్తకాల్లోకి రాని ఇళ్ళ పిల్లల్ని కథానాయకుల్ని చేశారు. సాహిత్యం చేసిన ఈ పనిని మ్యూజియం ఇంకా మొదలుపెట్టాల్సి ఉంది.

కొంతకాలం కిందట ధర్పల్లి దగ్గరి ఒక ప్రభుత్వ బడిలో పనిచేసే స్నేహితురాలు పిలిస్తే ఏడో తరగతి పిల్లలతో రెండు రోజులు గడిపాను. ఇంట్లోంచి ఒక పాత వస్తువు తెచ్చి దాని కథ చెప్పాలని ఆట పెట్టాం. ‘పాతయన్ని అమ్మేసినం మేడం’ అన్నారు కొందరు. మర్నాడు మాత్రం బల్ల నిండింది. కందిలి వచ్చింది. గురిగి వచ్చింది. ఇత్తడి చెంబు, కొడవలి, తాత చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినప్పటి కాగితం, నాయిన దుబాయి నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు వచ్చాయి. ఒకడు ఇసుర్రాయి పై దిమ్మను సైకిల్ మీద పెట్టుకుని వచ్చాడు. నేను గమనించింది ఒకటే. మగపిల్లలు వస్తువు ఎవరిదో చెప్పారు. ‘మా తాతది’, ‘మా పెద్దనాయినది’. ఆడపిల్లలు దానితో ఏం చేస్తారో చెప్పారు. ఇసుర్రాయి తెచ్చిన పిల్లవాడికి దాని కట్టె ఎటు పెట్టాలో తెలియదు. పక్క బెంచీ పిల్ల లేచి చూపించింది.

చివరగా ఒక అమ్మాయి బీడీ ఆకు కత్తిరించే కత్తెరా, కొలత రేకూ తెచ్చింది. కత్తెర పిడికి గుడ్డ చుట్టి ఉంది. వేళ్ళు ఒరుసుకుపోకుండా వాళ్ళమ్మ చుట్టిందట. వెనక నుంచి ఒక పిల్ల అభ్యంతరం చెప్పింది. ‘గది పాతది కాదు మేడం. నిన్న రాత్రి గూడ మేం దాంతోనే కత్తిరించినం.’

పాతది కాదు! ఏది పాతది, ఏది చరిత్ర అన్నది ఆ పిల్లకు ఎవరో నేర్పారు. వాడకం ఆగిపోయినదే చరిత్ర. ఇంకా వేళ్ళను కోస్తున్నది చరిత్ర కాదు, బతుకు. సాయంత్రం ఆ అమ్మాయి తల్లిని కలిస్తే ఆమె కూడా అదే అంది. ‘గిదేం చరిత్ర బిడ్డా, పొట్టకూటి పని.’

ఆ పొట్టకూటి పనికి చట్టాల్లో మాత్రం చరిత్ర ఉంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా గుర్తించిన చట్టం 1966లో వచ్చింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. తెలంగాణ వచ్చాక ‘ఆసరా’లో బీడీ కార్మికులకు భృతి పెట్టారు, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. మగవాళ్ళు గల్ఫ్ బాట పట్టిన ఊళ్ళలో ఇంటిని నిలబెట్టింది వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టిన కూలి. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి, కట్టలు కట్టి చాటలో పేర్చే ఈ పనిలో తరాల ఆడవాళ్ళ వేళ్ళు, వెన్ను, ఊపిరి కరిగిపోయాయి. బాగాలేవని కార్ఖానాలో ఏరి పక్కన పడేసిన బీడీలకు కూలి లేదు. రాతియుగపు రాతి గొడ్డలికి దక్కిన గాజు పెట్టె ఈ కత్తెరకు ఎందుకు దక్కదు?

మ్యూజియం విద్యలో నాకు కనిపించే అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. కుండ చేయించొచ్చు, బుట్ట అల్లించొచ్చు, ఆసు పోయించొచ్చు. బీడీ చుట్టించలేం. చుట్టించకూడదు. బీడీ తయారీ 1986 బాలకార్మిక చట్టం పిల్లలకు నిషేధించిన పనుల పట్టికలో ఉంది. నిషేధించినంత మాత్రాన ఇళ్ళలో ఆగలేదు. ఆ తరగతిలో ఆడపిల్లలు కళ్ళు మూసుకుని ఆకు కత్తిరించగలరు. వాళ్ళను చేసి చూపించమని నేను అడగలేదు. చేతులతో నేర్చుకోవడం గొప్ప అని మనమంటున్నాం. ఆ పిల్లల చేతులు ఇప్పటికే నేర్చుకున్నాయి, ఎవరూ నేర్చుకోమనకుండా, ఇంటికి ఇంకో నాలుగు కట్టలు అవసరమై. బడి ఆ చేతులకు కాసేపు విశ్రాంతినివ్వాలి. ఒకరి పని ఇంకొకరి పిల్లలకు ఆట అవుతున్నప్పుడు, ఎవరి పని ఎప్పటికీ ఆట కాలేదో కూడా మనకు తెలియాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలంది. ఉదాహరణకు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు అని రాసింది. ఆ ‘వగైరా’లో బీడీ కార్మికురాలు, మంత్రసాని, నాటేసే కూలి ఉన్నారా లేరా? ఉంటే వాళ్ళ దగ్గర ఏం నేర్చుకోవాలి, ఎలా?

చేతుల పని ఆగిన చోట చెవుల పని మొదలుపెట్టాలని నా ప్రతిపాదన. తెలుగులో దానికి మనకు గొప్ప ఆనవాయితీ ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటలనే చరిత్రగా అచ్చువేసింది. తుపాకీ పట్టినవాళ్ళే కాదు, గంజి కాచినవాళ్ళూ, కబురు మోసినవాళ్ళూ అందులోకి వచ్చారు. ఆ పుస్తకం మనకు నేర్పిన పద్ధతినే బడిపిల్లల చేతికివ్వొచ్చు. కత్తెరను బల్ల మీద పెట్టి, చుట్టూ పిల్లలు కూర్చుని, కత్తెర యజమానురాలిని ఉపాధ్యాయురాలిగా పిలిచి ప్రశ్నలడగడం. ఎన్నో ఏట మొదలుపెట్టావు? మొదటి కూలి ఎంత? దాంతో ఏం కొన్నావు? పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉంది? వేలు నొప్పెడితే ఏం చేస్తావు? నీ బిడ్డకు ఈ పని రావాలని ఉందా? ఆ జవాబులు పిల్లలే రాసుకుంటారు. ఆమె పేరుతో, ఆమె ఒప్పుకుంటేనే. మ్యూజియంలో ఆ కత్తెర పక్కన అంటించే చీటీ అదే అవుతుంది.

ముట్టుకోవడం గురించి మాట్లాడుతూ డిచ్‌పల్లిని మరిచిపోకూడదు. ధర్పల్లి పిల్లలకు అది పక్క ఊరు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరు అక్కడ 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరిచింది. నర్సాగౌడ్ అనే స్థానికుడు డబ్బిచ్చాడు. చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లతో చికిత్స చేసేవాళ్ళు. 1923లో ఆమెకు కైసరె హింద్ పతకం వచ్చింది, 1932లో చనిపోయింది. ఎవరూ ముట్టుకోని ఒళ్ళను రోజూ ముట్టుకున్న చోటది. జిల్లా చరిత్రలో ‘ముట్టుకోవద్దు’ అన్న మాట మీద అంతకు మించిన పాఠం ఇంకేం కావాలి? ఆ పాఠంలో కూడా మన ప్రశ్న మనం అడగాలి. దొరసాని డాక్టరు పేరు నిలిచింది. ఆమెతో పాటు పుండ్లు కడిగి కట్లు కట్టిన మన ఊళ్ళ ఆడవాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు? పిల్లలు డిచ్‌పల్లికి వెళ్తే వెతకాల్సింది ఆ పేర్లనే.

మ్యూజియానికి ఎవరు రాగలుగుతారన్నది ఇంకో ప్రశ్న. పిల్లల్ని పట్నం తీసుకుపోవడమంటే బస్సు కిరాయి, ఇంటి అనుమతి, పొద్దుగూకే లోపల తిరిగి రావడం. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆడపిల్లలు ఇక్కడే తగ్గిపోతారు. ‘ఆ రోజులు’ వస్తాయేమో, మధ్యలో ఎక్కడికి పోవాలో తెలియదు, చెల్లెలిని చూసుకోవాలి, కట్టలు అప్పజెప్పాలి. ఒక్కొక్కరికి ఒక కారణం. వాళ్ళ వెంట వెళ్ళాల్సింది మళ్ళీ టీచరమ్మలే, తమ ఇంటి వంట ముగించుకుని. అందుకే పిల్లలు మ్యూజియానికి పోవడం కంటే మ్యూజియమే ఊరికి రావడం మేలనిపిస్తుంది. ముంబై మ్యూజియం 2015 నుంచి బస్సులో ప్రదర్శన పెట్టి బడులకు తిప్పుతోంది. మనకు బస్సు కూడా అక్కర్లేదు. ఒక పెట్టె చాలు. అందులో రాతి గొడ్డలి నకలు, పాత కుండ పెంకులు, ఊక కలిపిన మూస మట్టి, ఆసు మేకులు, పసుపు కొమ్ము, చెరకు ముక్క, గుడ్డ చుట్టిన కత్తెర. పెట్టె ఒక ఊరికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఆ ఊరి వస్తువు ఒకటి, దాని కథ ఒకటి అందులో చేరాలి. ఊరూరికీ బరువు పెరిగే పెట్టె అన్నమాట.

ఇది ఊహాలోకం అనేవాళ్ళకు దూరం పోనక్కర్లేని ఒక ఉదాహరణ చెప్తాను. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత స్త్రీలే, ఏటా సంక్రాంతి నుంచి ‘పాత పంటల జాతర’ చేస్తున్నారు. ఎడ్ల బండ్ల మీద జొన్నలు, సజ్జలు, కొర్రలు, పప్పుల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. చేతిలోకి తీసుకుని చూడొచ్చు, వాసన చూడొచ్చు, ఎట్లా దాచాలో అడగొచ్చు. చెప్పేది విత్తనం దాచిన చెయ్యే. దాన్ని ఎవరూ మ్యూజియం అనలేదు. కానీ వస్తువు ఉంది, కథ ఉంది, చెప్పే మనిషి ఉంది, ముట్టుకోవద్దన్న బోర్డు లేదు. మ్యూజియం విద్య గురించి పుస్తకాలు కోరేదంతా అందులో ఉంది. పైగా వివరించే అధికారం పనిచేసిన మనిషి దగ్గరే ఉంది. మన జిల్లా మ్యూజియంల కార్యక్రమాల్లో సాధారణంగా లోపించేది ఇదే. కుమ్మరిని, నేతగాణ్ణి పిలుస్తారు, చేయించి చూపిస్తారు. వివరణ మాత్రం చదువుకున్నవాళ్ళు చెప్తారు. చేతులు ఒకరివి, నోరు ఇంకొకరిది.

ఇలా చేస్తే చరిత్ర పలచబడిపోతుందని, కాకతీయులూ చాళుక్యులూ పక్కకు పోతారని కొందరు మిత్రులు అంటారు. పోరు. డిచ్‌పల్లి రామాలయం గోడ మీది శిల్పాల ముందు నిలబడ్డ పిల్లలు ‘ఏ రాజు కట్టించాడు’ అన్న ప్రశ్నతో పాటు ‘రాళ్ళు ఎవరు మోశారు, వాళ్ళకు అన్నం ఎవరు వండారు’ అని కూడా అడగడం నేర్చుకుంటారు. ప్రశ్న పెరిగితే చరిత్ర తగ్గదు. ఇంకొందరు, బీడీ కత్తెరను మ్యూజియంలో పెడితే ఆ పనిని గొప్ప చేసినట్టు కాదా అని అడుగుతారు. ఈ అభ్యంతరంలో బలముంది. పని గొప్పదని కాదు, ఆ పనిలో బతుకులు గడిచాయని చెప్పడానికి పెట్టాలి. రోగం తెచ్చే పనినీ, ఆ పని చేసి పిల్లల్ని చదివించిన మనిషినీ విడదీసి చూడగలగడం ఏడో తరగతి పిల్లలకు కష్టమేమీ కాదు. వాళ్ళు ఇంట్లో రోజూ చేస్తున్నదదే.

మనం, అంటే రాసేవాళ్ళం, కాలేజీల్లో చెప్పేవాళ్ళం, ఈ విషయంలో ఊరికే అభిప్రాయాలు చెప్పి ఊరుకుంటే సరిపోదు. జిల్లా మ్యూజియం సిబ్బందితో మాట్లాడాలి. ఒక ఊరి నుంచి మొదలుపెట్టి, పదిమంది ఆడవాళ్ళ మాటలు, పది వస్తువులు పోగుచేసి ఒక పెట్టె కట్టాలి. డిచ్‌పల్లిలో 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి తెలుగు, చరిత్ర విద్యార్థినుల్లో ఎందరి ఇళ్ళల్లో బీడీ చాట ఉందో! వాళ్ళే ఈ పనికి అందరికంటే తగినవాళ్ళు. పెట్టె తయారయ్యాక మూత మీద ఏం రాయాలన్నది ఆ పదిమంది ఆడవాళ్ళనే అడుగుదాం. ముట్టుకోవచ్చనీ రాయమంటారేమో, ముందు మమ్మల్ని అడిగి ముట్టుకోండనీ రాయమంటారేమో. రెండో మాట వాళ్ళకు ఇన్నాళ్ళూ ఎవరూ అననివ్వలేదు.